ఆపు, ఊపు

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం సరిగా పిండకుండా ఆరేసిన గుడ్డలా బరువుగా వేలాడుతోంది. వాన పడదు, ఎండ రాదు. కొండ పైన దుమ్ము ఎక్కడ ఆగిందో, మబ్బు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. గాలి స్తంభించిపోయింది. ఇలాంటి పొద్దున చప్పుడు పైకి పోదు, నేలబారుగా పాకుతుంది. రెండు మైళ్ల అవతల పెరట్లో మొహం కడుక్కుంటున్న మనిషికి కూడా కంకర క్రషర్‌లో దవడ మిషన్ రాయి కొరకడం వినిపిస్తుంది.

ఆ మిషన్ పైనున్న గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చున్న మనిషికి మాత్రం వినిపించదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయన భార్యకి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

జరిగింది కాస్త చెప్పుకుందాం. ఆయన్ని క్రషర్‌లో అందరూ దవడాయన అంటారు. దవడ మిషన్ నడుపుతాడని ఒక కారణం. తన దవడ కదిపి నాలుగు మాటలు ఎప్పుడూ మాట్లాడడని ఇంకో కారణం. పగిలిన రాయి మిషన్‌లోంచి బెల్టు మీద పైకెళ్లి జల్లెడలో పడుతుంది. మంచమంత వెడల్పున, మూడు అంతస్తుల ఇనుప జల్లెడ అది. మూడేళ్ల కిందట దాని వల చిరిగితే ఫిట్టర్ లోపల కూర్చుని కొత్త వల బిగించాడు. ఆ ఫిట్టర్ దవడాయనకి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. నిలిచి ఉన్న జల్లెడని అలాగే ఉంచాలంటే లోపలి మనిషి 'ఆపు' అని కేకేస్తాడు. ఒక్క క్షణం కదిపి చూడాలంటే 'ఊపు' అంటాడు. దవడాయన మీట నొక్కాడు. జల్లెడ ఊగింది. ఫిట్టర్ కుడిచేతి నాలుగు వేళ్లు వలకీ పక్కబద్దకీ మధ్య ఉండిపోయాయి.

'ఆపు' అన్నానని ఫిట్టర్ చెప్పాడు. 'ఊపు' అనే వినిపించిందని దవడాయన చెప్పాడు. చప్పుడులో మాట తారుమారైందని మేనేజరు కాగితం మీద రాసి ఇద్దరినీ పనిలో ఉంచాడు. ఫిట్టర్ ఇప్పుడు గేటు పక్క కాటా గదిలో లారీలు తూస్తాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. క్రషర్‌లోనూ ఆపు వాళ్లు, ఊపు వాళ్లు అని రెండు జట్లు తయారయ్యాయి. టీ తాగే చోట కూడా వేరువేరు బల్లల మీద కూర్చుంటారు. ఊపు అనే మాటనే తీసేసి, దాని బదులు పైగదిలో వెలిగే దీపం పెట్టారు. ఇంట్లో ఉయ్యాల ఊపమన్నా ఉలిక్కిపడే వాళ్లున్నారు.

ఇప్పుడు ఇసుక చేసే కొత్త మిషన్ వచ్చింది. దాని దగ్గర కూర్చునే వాళ్లందరికీ వినికిడి పరీక్ష అన్నారు. దవడాయన ఆ గది గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రండి బాబాయ్, కూర్చోండి," అంది పరీక్ష చేసే అమ్మాయి.

ఆమె పెదవులు చూసి ఆయన కూర్చున్నాడు.

చెవులకి రెండు డిప్పలు తగిలించింది. చప్పుడు వినపడినప్పుడల్లా వేలు ఎత్తమంది. ఆయన ఆమె చేతికేసి చూశాడు. ఆమె వేలు గుండీ మీద వాలినప్పుడల్లా ఈయన వేలు లేచింది. మొదటి నాలుగూ తప్పు లేకుండా చెప్పాడు. ఐదోసారి ఆమెకి అర్థమైంది. కోప్పడలేదు. లేచి వచ్చి ఆయన కుర్చీని గోడవైపు తిప్పింది.

గోడకి కొత్త మిషన్ బొమ్మ అతికించి ఉంది. దానికి దవడలు లేవు. పెద్ద డ్రమ్ము, లోపల తిరిగే చక్రం. పైనుంచి పడిన రాయిని చక్రం విసిరికొడితే అది అంచున పేరుకున్న రాళ్లకే తగిలి ముక్కలవుతుంది. ఇనుముకి దెబ్బ తక్కువ. రాళ్లే ఒకదాన్నొకటి కొట్టుకుని ఇసుకవుతాయి. ఆయన ఆ బొమ్మనే చూస్తూ, గుండె నాలుగుసార్లు కొట్టుకునేదాకా ఆగి, అంచనాగా ఒక్కోసారి వేలు ఎత్తుతూ పోయాడు.

డిప్పలు తీసేశాక అమ్మాయి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కుడి చెవి పూర్తిగా పోయింది బాబాయ్. ఎడమది పావు వంతు ఉంటే గొప్ప. ఎన్నాళ్లయింది?"

"ఈమధ్యే. జలుబు చేసి..."

"జలుబుకి పోయిన చెవి ఇలా ఉండదు. ఇది పదేళ్ల పైమాటే."

ఆ మాట అంటుండగానే ఆమె కళ్లు ఆయన భుజం మీదుగా వెనక్కి వెళ్లాయి. అప్పుడు ఆయన తిరిగి చూశాడు. గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ముందుకు వచ్చి, ఆయనకి నోరు కనపడేలా నిలబడ్డాడు. అంత త్వరగా ఆ పని నేర్చుకోవడం చూసి దవడాయనకి సిగ్గేసింది.

"అప్పుడు మీ ఆవిడని నేనే వచ్చి అడిగాను. ఆయనకి బాగా వినపడుతుందా అమ్మా అంటే, చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటాడండీ అంది. నేను అదే రాసుకున్నాను."

దవడాయన చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ రోజు ఏం జరిగిందో నీ చేత్తో రాసివ్వు. భోజనాల తర్వాత గంట కొడతారే, అప్పుడు వచ్చి తీసుకుంటాను. నువ్వు రాయకపోతే నేను రాయాల్సి వస్తుంది. నాకు రాయాలని లేదు." తెల్లకాగితం ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కాగితం పట్టుకుని దవడాయన పైగదికి ఎక్కాడు. అక్కడి అద్దానికి ఎప్పుడూ దుమ్ము. గుడ్డతో గుండ్రంగా తుడుచుకుంటే ఆ తుడిచినంత మేర కింద జల్లెడ కనపడుతుంది. ఈ ఇరవై రెండేళ్లలో ఆయన తుడిచిన చోట అద్దం కాస్త పల్చబడింది కూడా.

వినికిడి తగ్గుతున్న కొద్దీ ఆయన నోళ్లు చదవడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఆ అంటే దవడ జారుతుంది, నాలుక కనపడుతుంది. ఊ అంటే పెదవులు ముందుకొచ్చి సున్నా చుడతాయి. ఈ రెండు మాటలకీ పొరబడేది చెవులున్నవాళ్లే. నోరు చూసేవాడు పొరబడడు.

ప్రమాదం జరిగిన ఆ రోజు అద్దం తుడిచి ఒక నిమిషం కూడా కాలేదు. ఫిట్టర్ తల ఎత్తాడు. పెదవులు సున్నా చుట్టాయి. దవడాయన చూశాడు. చూసే నొక్కాడు. చూశానని చెప్పాలంటే వినలేదని చెప్పాలి. అందుకే విన్నానన్నాడు. విన్నానన్నాక, చప్పుడులో పొరపాటు విన్నావని లోకమంతా అంది. మూడేళ్లు అదే మాట మీద పడుతుంటే ఆయనకే అనుమానం మొదలైంది. దవడ జారిందేమో. సున్నా అని నేనే అనుకున్నానేమో.

ఆ అనుమానం కన్నా లోపల గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. క్రషర్‌లో పాత పద్ధతి ఒకటుండేది. లోపలి మనిషి 'ఊపు' అంటే పైనున్నవాడు వెంటనే నొక్కకూడదు. 'ఊపమంటావా?' అని కిటికీలోంచి తిరిగి అడగాలి. కిందవాడు రెండోసారి చెప్పాకే మీట ముట్టుకోవాలి. దవడాయన ఆ రోజు తిరిగి అడగలేదు. అంతకు ముందు చాలా రోజులుగా అడగడం లేదు.

కాగితం మోకాలి మీద పెట్టుకుని రెండు ముక్కలు రాశాడు. 'నాకు అప్పటికే వినపడదు. తప్పు నాది.' పెదవుల సంగతి రాయలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మిషన్లు ఆగాయి. ఆయన భార్య రోజూలాగే క్యారేజీ పట్టుకుని రోడ్డు వెంట వస్తోంది. కాటా గది దగ్గరకి వచ్చేసరికి ఆమె మెడ బిగుసుకుంటుంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా అటు తల తిప్పలేదు. లోపలున్న తమ్ముడూ సరిగ్గా అప్పుడే ఏదో కాగితం వెతుక్కుంటాడు. ఇవాళ కాటా గది ముందే దవడాయన అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఇవాళ ఇక్కడ తిందాం," అన్నాడు.

ఆమె ఆయన మొహం చూసింది. జేబులో కాగితం చూసింది. గొంతు లేకుండా, పెదవులతో మాత్రం అడిగింది. "తెలిసిపోయిందా?"

ఆయన తల ఊపాడు. పదేళ్లుగా వాళ్లిద్దరి మాటలు సగం ఇలాగే. పక్కింటివాళ్లు వాళ్లని చూసి, ఇంత నెమ్మదైన సంసారం ఎక్కడా లేదని మెచ్చుకుంటారు.

ఆయన ముందు లోపలికి నడిచాడు, ఆమె గుమ్మంలో ఆగింది. కాటా గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక స్టూలు. కిటికీలో కొత్త మిషన్ తీసిన మొదటి ఇసుక నమూనాలు మూడు డబ్బాల్లో ఉన్నాయి. ఫిట్టర్ ఎడమచేత్తో గుప్పెడు ఇసుక తీసి పిసికి వదిలాడు. అరచేతికి దుమ్ము అంటుకుంటే ఆ ఇసుకని ఇంకా కడగాలన్నమాట. అంటుకుంది. తల ఎత్తకుండానే ఏదో అన్నాడు.

దవడాయనకి అందలేదు. అక్కకి అందింది. "దారి తప్పావా బావా? ఇక్కడ లారీలే తూస్తాం, మనుషుల్ని తూచం," అన్నాడు వాడు.

"తల ఎత్తి మాట్లాడు," అన్నాడు దవడాయన.

"ఎందుకు? నా మొహం చూడాలని మూడేళ్లకి గుర్తొచ్చిందా?" ఈసారీ ఇసుకకే చెప్పాడు.

"తల ఎత్తు. నీ నోరు కనపడకపోతే నువ్వేమన్నావో నాకు తెలీదు."

ఫిట్టర్ చేతిలో ఇసుక డబ్బాలోకి జారిపోయింది. తల ఎత్తాడు. "వేళాకోళమా?"

"కాదు."

వాడు కాసేపు బావని చూశాడు. తర్వాత కిటికీవైపు తిరిగి, మామూలు గొంతుతో, తొందర లేకుండా అన్నాడు. "బావా, నీ వెనకాల అక్క కింద పడిపోయింది."

దవడాయన కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క మాత్రం చేతిలో క్యారేజీ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఫిట్టర్ ఇటు తిరిగాడు. మొహంలో రంగు లేదు. "ఎన్నాళ్ల నుంచి?"

"పదేళ్లు."

"అంటే ఆ రోజు..."

"ఆ రోజు కూడా."

"మరి చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చుంటాడని చెప్పిందెవరు?" వాడు అడిగింది బావనే గాని చూపు అక్క మీద ఉంది.

"నేనే," అంది ఆమె.

"అదేమీ చిన్న మాట కాదక్కా. ఊరంతా తిరిగింది. నాకు కట్టు కట్టే నర్సు కూడా ఆ మాటే చెప్పింది."

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టింది. "నిన్ను ఆస్పత్రిలో దింపి ఇంటికొచ్చాను. చేతులు ఇంకా కడుక్కోలేదురా. మేనేజరు గుమ్మంలోనే అడిగాడు. నీకు కూర్చునే పని ఇస్తామని అప్పటికే అన్నారు. ఈయనకి వినపడదని తెలిస్తే ఈయన్ని ఇంకెక్కడా గేటు దాటనివ్వరు. నీకు ఒక దారి ఉంది కదా అనుకున్నాను. ఆ నిమిషంలో అంతే తోచింది. చెప్పాక లోపలికెళ్లి చేతులు కడుక్కుంటుంటే, ఎవర్ని కడిగేసుకుంటున్నానో తెలిసింది. అప్పటికి మేనేజరు బండి ఎక్కేశాడు."

"తర్వాత మూడేళ్లున్నాయిగా."

"ఉన్నాయి."

ఫిట్టర్ బావవైపు తిరిగాడు. ఇప్పుడు నోరు బాగా కనపడేలా, ఒక్కో మాట విడదీసి మాట్లాడాడు. ఆ జాగ్రత్తలో కోపమే ఎక్కువ ఉంది.

"నేను మూడేళ్లుగా ఒకటే అడగాలనుకున్నాను. ఆపన్నానా, ఊపన్నానా, అది పక్కన పెట్టు. తిరిగి ఎందుకు అడగలేదు? ఊపమంటావా అని ఒక్కసారి తిరిగి అడిగితే నీ సొమ్మేం పోయేది? మొత్తం క్రషర్‌లో తిరిగి అడిగే అలవాటు నాకు నేర్పింది నువ్వు. నా మీద లెక్కలేక అడగలేదనుకున్నాను. వీడేగా, నా బావమరిదేగా, అని."

"అడిగితే నువ్వు చెప్పే జవాబు నాకు వినపడదు," అన్నాడు దవడాయన. "అడిగి, వినపడనట్టు నిలబడితే అందరికీ తెలిసిపోతుంది. అందుకే అడగడం మానేశాను. లెక్కలేక కాదు."

బయట ఖాళీ లారీ ఒకటి కాటా ఎక్కి, మనిషి కోసం చూసి, హారన్ కొట్టి, మళ్లీ ఊరుకుంది.

దవడాయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఫిట్టర్ దాన్ని బల్ల మీద పెట్టి, మిగిలిన బొటనవేలితో అంచు నొక్కి, ఎడమచేత్తో విప్పాడు. రెండు ముక్కలే కదా, చదవడానికి ఎంతసేపు. వాడు చాలాసేపు చదివాడు.

"వినపడకపోతే మరి," అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. బావకి గొంతుతో పనిలేదని మరిచిపోయినట్టున్నాడు. "ఏం తెలిసి నొక్కావు?"

"నీ నోరు చూసి."

"అంత దూరం నుంచా?"

"పదేళ్లుగా అలాగే నొక్కుతున్నాను."

ఫిట్టర్ బల్ల మీదకి వంగాడు. "ఏం కనపడింది?"

దవడాయన బావమరిది చేతిని చూశాడు. నాలుగు వేళ్లు ఉండాల్సిన చోట చర్మం నున్నగా, నదిలో దొర్లిన రాయిలా ఉంది. పెళ్లయిన కొత్తలో ఆ చెయ్యి పట్టుకునే వాడికి స్పానర్ తిప్పడం నేర్పాడు.

"అద్దం మీద దుమ్ము," అన్నాడు. "సరిగ్గా కనపడలేదు."

ఫిట్టర్ కాగితం మళ్లీ మడిచాడు. ఆ మడత మీదే మడిచాడు. తిరిగి ఇచ్చేటప్పుడు బావ కళ్లలోకి చూడలేదు. గెలిచినవాడి మొహంలా లేదు వాడిది.

"చల్లారిపోతుంది," అంది అక్క.

క్యారేజీ విప్పింది. గిన్నెలు మూడు. తమ్ముడికి గిన్నె మూతలో పెట్టింది. అన్నం మీద కూర వేసి, చిన్నప్పటి అలవాటున తనే కలపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు సొరుగులోంచి చెంచా తీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. బొటనవేలితో మూత అంచు నొక్కిపెట్టి తినసాగాడు. ఆ ప్రమాదం తర్వాత వాడు తినడం ఆమె చూడ్డం ఇదే మొదలు. ఒక ముద్దకి రెండు మెతుకులు బల్ల మీద రాలుతున్నాయి. రాలిన వాటిని వాడు చూడనట్టు తింటున్నాడు. ఆమె లేచి నీళ్ల కోసం మూలన ఉన్న కుండ దగ్గరకి వెళ్లింది.

అక్క వీపు ఇటు తిరగగానే ఫిట్టర్ చెంచా ఆగింది. తల ఎత్తి సూటిగా బావని చూశాడు. గొంతు లేదు. ఇందాక గది ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నట్టే, పెదవులు మాత్రం కదిలాయి. ముందుకు వచ్చాయి. సున్నా చుట్టాయి. తర్వాత మూసుకుని విడిపోయాయి.

తుడిచిన అద్దంలోంచి ఆ రోజు చూసిన నోరు అదే.

దవడాయన ముద్ద చేతిలోనే ఉంది. ఎడమచెయ్యి తనంతట తనే జేబు మీదకి వెళ్లింది. ఫిట్టర్ ఆ చేతిని చూశాడు. చెంచా పక్కన పెట్టి, ఉన్న ఒక్క మంచి చెయ్యీ బల్ల మీదుగా చాపాడు. అరచెయ్యి పైకి. కాగితం ఇవ్వమని.

అక్క నీళ్లు తెచ్చింది. చాపిన చెయ్యి చూసింది. తమ్ముడు ఇంకాస్త అడుగుతున్నాడనుకుంది. మూడేళ్ల తర్వాత అడిగాడు. ఆమె ఏమీ అనకుండా తన గిన్నెలోది తీసి వాడి మూతలో వడ్డించింది.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెంచా ఎత్తాడు. కాగితం జేబులోనే ఉంది. మేనేజరు వచ్చే గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. అన్నంలో ఎక్కడో ఇసుక పలుకు పంటికింద పడి కరకరమంది. ఎవరి నోట్లోదో తెలియలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తింటూనే ఉన్నారు.